కళాకారులకు బస ఎవరింట్లో? హైదరాబాద్‌లో ఒక పాత ఏర్పాటు వెనుక కథ

హైదరాబాద్‌లో ఒక చిన్న సంస్థ కచేరీ పెట్టాలనుకుంటే హాలు అద్దె తర్వాత ఎక్కువ టెన్షన్ పెట్టేది బస. పాడేవారు, వయొలిన్, మృదంగం, ఘటం కలిపి నలుగురొస్తారు. కనీసం రెండు గదులు కావాలి. శంషాబాద్ నుంచి కారు, మళ్లీ దిగబెట్టడానికి కారు, కచేరీకి ముందు తేలికైన పలహారం, అయ్యాక రాత్రి పదిన్నరకు వేడి అన్నం కావాలి. టికెట్ పెట్టని సభలో ఈ ఖర్చంతా చందాల్లోంచే రావాలి. అందుకే "మునుపటిలా ఇళ్లలోనే దించితే పోదా?" అన్న మాట అప్పుడప్పుడు వస్తుంది. "ఈ రోజుల్లో ఎవరింట్లో ఎవరుంటారు?" అన్న జవాబూ వెంటనే వస్తుంది.

ఇద్దరూ ఆ పాత రోజులను ఉత్త మర్యాదల కాలంగానే చూస్తున్నారు. నిజానికి ఇంట్లో బస కళాకారుడికి ముట్టే ప్రతిఫలంలో ఒక భాగంగా నడిచింది. అది ఎవరికి దక్కాలో కులం, మతం, ఆడా మగా చూసి తేలేది.

తెలంగాణ పల్లెల నుంచే మొదలుపెట్టాలి. చిందు యక్షగానం వాళ్లకు మాదిగలు, మార్కండేయ పురాణం చెప్పే కూనపులి వాళ్లకు పద్మశాలీలు, పాండవుల కథ చెప్పే కాకిపడగల వాళ్లకు ముదిరాజులు పోషకులు. ఏయే ఊళ్లు ఏ కళాకారుల కుటుంబానివో మిరాశీగా, అంటే వంశపారంపర్య హక్కుగా పంచుకుని ఉండేవారు. చేర్యాల నకాషీ చిత్రకారుల చేత గీయించుకున్న కథాపటం మోసుకుని ఊళ్లోకి వస్తే, ఆ కులంవాళ్లు ఉండటానికి చోటు చూపాలి, బియ్యం పప్పు ఇవ్వాలి, కథ అయ్యాక ముందే కుదిరిన కట్టుబడి ప్రకారం డబ్బో ధాన్యమో ముట్టజెప్పాలి. ఇవ్వకపోతే నిలదీసి అడిగే హక్కు కళాకారులకు ఉండేది. ఇంత గట్టి హక్కు ఈనాటి నగర కళాకారుల్లో చాలామందికి లేదు. అయితే ఆ చోటు చాలాసార్లు ఊరి చివర చెట్టు కిందో గుడారంలోనో ఉండేది. మాదిగలను ఆశ్రయించి బతికిన డక్కలివాళ్లయితే ఆ వాడకు కూడా అవతలే దిగాల్సి వచ్చేది. తిండి మీద హక్కు ఉంది, గడప లోపలికి పిలుపు లేదు. ఈ తేడాను గుర్తుపెట్టుకోకుండా పాత ఆతిథ్యాన్ని పొగడటం నాకు సరిగా అనిపించదు.

నగరంలో ఆతిథ్యం దేవిడీలనే నవాబుల భవంతులది, ప్యాలెస్‌లది. 1907లో నాంపల్లి స్టేషన్, 1919లో దాని దగ్గరే సరాయి వచ్చాయి. మామూలు ప్రయాణికులు అక్కడ దిగేవారు. పేరున్న ఉస్తాదులు మాత్రం నవాబుల ఇళ్లకే వెళ్లేవారు. దర్బారులో చోటు దొరకడమంటే బతుకు కుదురుకోవడమే. హిందుస్తానీ గాయకుడు పండిట్ జస్‌రాజ్ తండ్రి పండిట్ మోతీరాం ఆ ఆశతోనే హైదరాబాద్ వచ్చారు. 1934లో, నిజాం ఉస్మాన్ అలీ ఖాన్ ఆస్థాన విద్వాంసుడిగా ప్రకటించాల్సిన రోజే ఆయన ఇక్కడ కన్నుమూశారు. తండ్రి పేరిట జస్‌రాజ్ దశాబ్దాల పాటు ఏటా ఈ నగరంలోనే సంగీతోత్సవం జరిపించారు.

ఇంటి ఆతిథ్యం ఎంత దూరం వెళ్లగలదో చెప్పడానికి బషీర్‌బాగ్ ప్యాలెస్ కంటే మంచి ఉదాహరణ ఈ నగరంలో లేదు. హిందుస్తానీ గాయకుడు బడే గులాం అలీ ఖాన్ దేశ విభజన తర్వాత పాకిస్తాన్ వెళ్లి, అక్కడ ఇమడలేక తిరిగొచ్చి, 1957లో భారత పౌరసత్వం తీసుకున్నారు. లాహోర్, బొంబాయి, కలకత్తా, హైదరాబాద్ అంటూ ఆయన జీవితం ఊరి నుంచి ఊరికి సాగింది. చివరి ఏళ్లలో పక్షవాతం వచ్చింది. కొడుకు మునవ్వర్ అలీ ఖాన్ పక్కన కూర్చుని అందుకుంటుంటే, ఆ స్థితిలోనూ పాడారు. అప్పుడు ఆయనకు బషీర్‌బాగ్ ప్యాలెస్‌లో నీడ ఇచ్చింది 'పైగా' అనే జాగీర్దారీ కుటుంబానికి చెందిన నవాబ్ జహీర్ యార్ జంగ్. కచేరీకి వచ్చిన అతిథిని రెండు రోజులు చూసుకోవడం వేరు, జబ్బుపడిన గాయకుడిని ఆఖరిదాకా ఇంట్లో పెట్టుకోవడం వేరు. అప్పటికి సంస్థానం పోయి ఇరవై ఏళ్లు కావస్తోంది, జాగీర్లూ రద్దయ్యాయి. ఖాన్ సాహెబ్ పాటతో ఏ దర్బారుకూ పేరు రావలసిన పని లేదు. 1968 ఏప్రిల్‌లో ఖాన్ సాహెబ్ ఆ ఇంట్లోనే పోయారు. పాతబస్తీలోని దాయిరా మీర్ మోమిన్ శ్మశానవాటికలో ఆయన సమాధి ఉంది. ప్యాలెస్‌ను తర్వాత పడగొట్టేశారు. బషీర్‌బాగ్‌లోని ప్రధాన రోడ్డుకు ఖాన్ సాహెబ్ పేరు పెట్టారు కానీ, ఆ రోడ్డు మీద రోజూ తిరిగేవాళ్లలో ఆ సంగతి తెలిసినవాళ్లు తక్కువ.

1956 నవంబరు 1న రాజధాని కర్నూలు నుంచి హైదరాబాద్‌కు మారింది. ఉద్యోగుల కుటుంబాలతో పాటు కోస్తా ఊళ్ల సభల అలవాట్లూ వచ్చాయి. 1961లో రవీంద్రభారతి, 1966లో చిక్కడపల్లి త్యాగరాయ గానసభ మొదలయ్యాయి. వేదికలు ఏర్పడ్డాయి కానీ సంస్థల చేతిలో డబ్బు లేదు. హోటల్ తిండి ముట్టని విద్వాంసులూ ఉండేవారు. మద్రాసు నుంచో విజయవాడ నుంచో రైల్లో వచ్చినవాళ్లను చిక్కడపల్లి, నల్లకుంట, పద్మారావునగర్, మారేడ్‌పల్లి వైపు ఇళ్లకు తీసుకెళ్లడం అందరికీ తేలిక. వారాలు చేసుకుని చదువుకున్న తరం ఇంకా ఇళ్లలో ఉన్న కాలం అది. పరాయి పిల్లవాడికి వారానికో పూట అన్నం పెట్టిన ఇంటికి, విద్వాంసుడికి రెండు రోజులు పెట్టడం కొత్త కాదు.

ఆ రెండు రోజుల చాకిరీ ఎవరిది? తెల్లవారుజామున కాఫీ, వేణ్నీళ్లు, గొంతు పట్టేయకుండా మిరియాల చారు, పక్కవాద్యం ఆయనకు పథ్యం అంటే వేరే వంట. ఇదంతా ఆ ఇంటి ఆడవాళ్లు చేశారు. కరపత్రంలో అధ్యక్షుడు, కార్యదర్శి, విరాళాలిచ్చిన దాతల పేర్లు ఉంటాయి. ఈ ఇల్లాళ్ల పేర్లు వాటిలో వెతికినా కనబడవు. నగర సంగీత చరిత్ర రాసేవాళ్లు ముందు తీర్చాల్సిన బాకీ ఇదే.

లాభం రెండు వైపులా ఉండేది. పొద్దున్నే పక్కగదిలో సాధకం వినిపిస్తుంది. పిల్లలకు ఒక కీర్తనలో నాలుగు సంగతులు, అంటే ఒకే పంక్తిని మార్చి మార్చి పాడే తీరులు దొరుకుతాయి. వచ్చినవారికి ఊళ్లో ఒక కుటుంబం ఏర్పడుతుంది, మరుసటేడు ఉత్తరం రాస్తే చాలు. ఇబ్బందులూ ఉండేవి. మధ్యాహ్నం నడుం వాల్చుదామంటే చుట్టుపక్కలవాళ్లు చూడటానికి వస్తారు. "ఒక్క కీర్తన, మా అత్తయ్యగారి కోసం" అంటే కాదనలేరు. బస ఇచ్చాం కదా అని సంభావన కోసేయడం కూడా తెలియని విషయం కాదు.

ఆడవాళ్ల దారి ఇంకా కష్టం. ఆటపాటలే కులవృత్తి అయిన కళావంతుల మేళం పెళ్లిపందిట్లో కావాలి, వాళ్లు ఇంట్లో మాత్రం దిగకూడదు. సంగీతం సంసార స్త్రీలకూ మర్యాదైన విద్యే అని ఒప్పుకున్నాక కూడా గాయని వెంట తండ్రో అన్నో రావాల్సి వచ్చింది. దీనికి ఎదురు నిలిచే ఉదాహరణ హైదరాబాద్‌లోనే ఉంది. గాయని, నర్తకి, ఉర్దూ కవయిత్రి మహ లఖా బాయి చందా 1824లో చనిపోయేనాటికి తానే పదిమందిని పోషించే స్థితిలో ఉంది. తల్లి కోసం మౌలాలి గుట్ట దగ్గర ఆమె కట్టించిన సమాధి తోటలో ముషాయిరాలు జరిగేవి.

సురభి నాటకాలవాళ్లు బస అనే ఈ చిక్కుకు మరో దారి చూశారు. 1885లో కడప జిల్లా సురభి గ్రామంలో కీచకవధ నాటకంతో మొదలైన ఈ కుటుంబాలు ఊరూరా డేరాలు వేసుకుని, వంటా కాపురం అక్కడే సాగించాయి. పిల్లలు మేకప్ గదిలోనే పెరిగి, నడక రాగానే వేషం కట్టారు. ఎవరి గడపా ఎక్కనక్కర్లేని ఏర్పాటు అది. ఇప్పుడు ఆ కుటుంబాల్లో చాలామంది లింగంపల్లి దగ్గరి సురభి కాలనీలో స్థిరపడ్డారు.

బయటి దేశాల్లో కారణాలు వేరు. అమెరికాలో నల్లజాతి సంగీతకారులను తెల్లవాళ్ల హోటళ్లు రానివ్వని రోజుల్లో, నల్లజాతి కుటుంబాలే ఇళ్లలో గదులిచ్చాయి. అలాంటి ఇళ్లు, లాడ్జీల చిరునామాలతో 1936 నుంచి గ్రీన్ బుక్ అనే కరదీపిక వచ్చింది.

మన దగ్గర ఈ అలవాటు ఒక్కసారిగా ఆగిపోలేదు. ఇళ్లు ఫ్లాట్లయ్యాయి, అదనపు గది పోయింది. ఇంటి ఆడవాళ్లు ఉద్యోగాలకు వెళ్తున్నారు, అది మంచిదే. 2008లో విమానాశ్రయం బేగంపేట నుంచి శంషాబాద్‌కు వెళ్లింది. గేటు దగ్గర సెక్యూరిటీ యాప్‌లో పేరు, ఫోటో, ఫ్లాట్ యజమాని అనుమతి అడుగుతున్నారు. రాత్రి పదకొండింటికి మృదంగం మోసుకుని వచ్చిన మనిషి ఇవన్నీ దాటాలి. విదేశీ కళాకారులైతే ఇంట్లో దిగిన 24 గంటల్లో వాళ్ల వివరాలు ఆన్‌లైన్‌లో విదేశీయుల నమోదు అధికారులకు పంపాలి. ఫారం-సి అన్న పేరుతో అలవాటైన ఈ బాధ్యత హోటళ్లకే అనుకుంటారు కానీ ఇళ్లకూ వర్తిస్తుంది. 2025 సెప్టెంబరు 1న అమల్లోకి వచ్చిన కొత్త చట్టం కింద కూడా ఇది కొనసాగుతోంది.

అయినా దారులు మిగిలే ఉన్నాయి. 1977లో ఐఐటీ ఢిల్లీలో కిరణ్ సేఠ్ మొదలుపెట్టిన, విద్యార్థులకు శాస్త్రీయ కళలను చేరువ చేసే స్పిక్ మెకే సంస్థలో వాలంటీర్లే కళాకారులను స్టేషన్ నుంచి తెచ్చుకుంటారు, బస, భోజనాలు చూస్తారు. 2010లో బంజారాహిల్స్‌లో లామకాన్ తెరుచుకుంది. ఒక కుటుంబం ఇల్లే నాటకాలకు, పాటలకు వేదికైంది.

ఇళ్లలో బస మళ్లీ మొదలుపెట్టాలని నేను గట్టిగా కోరుకుంటున్నాను, కానీ పాత లెక్కల మీద కాదు. తలుపు గడియపడే విడి గది ఉందా, ఇంట్లో ఎవరెవరుంటారు, వంటలో ఏం తింటారు, ఏం తినరు అన్నవి రెండు వైపులా ముందే చెప్పుకోవాలి. సంభావనలో ఒక్క రూపాయీ తగ్గకూడదు. ఇంట్లో పాడమని అడగకూడదు. ఒంటరిగా వచ్చే గాయనికి నచ్చకపోతే హోటల్‌కు మారే ఏర్పాటు సంస్థ ఖర్చుతోనే ఉండాలి. చెన్నై వయొలిన్ విద్వాంసుడికి తెరుచుకునే తలుపు, జనగామ నుంచి వచ్చే ఒగ్గుకథ బృందానికీ తెరుచుకోవాలి. వాళ్లు ఒకే ఫ్లాట్‌లో పట్టరు, డోళ్లు కూడా ఉంటాయి. రెండు మూడు ఇళ్లకు పంచాలి. ఆ ఇళ్ల జాబితా కార్యక్రమం తేదీ ఖాయం చేసేటప్పుడే తయారవ్వాలి.