కోటి మంది టీచర్లు, ఒక్క టీచరు బళ్లు

కేంద్రం ఏటా బళ్ల వివరాలు సేకరించే యూడైస్ 2024-25 లెక్కల్లో దేశంలో టీచర్ల సంఖ్య మొదటిసారి కోటి దాటింది. అన్ని తరగతుల టీచర్లూ కలిపి. అదే లెక్కల్లో ఒక్క టీచరుతో నడిచే బళ్లు 1,04,125 ఉన్నాయి. వాటిలో 12,912 ఆంధ్రప్రదేశ్‌వే, దేశంలోకెల్లా ఎక్కువ. తెలంగాణలో 5,001. టీచర్లు పెరుగుతుంటే ఈ బళ్లు ఎందుకున్నాయో తెలియాలంటే కొంచెం వెనక్కి వెళ్లాలి.

1950-51లో దేశం మొత్తం మీద ప్రాథమిక పాఠశాలల టీచర్లు 5.38 లక్షలు. 2000-01 నాటికి 18.96 లక్షలయ్యారు. పిల్లలు అంతకంటే వేగంగా పెరిగారు. మొదట్లో సగటున టీచరుకు 24 మంది ఉంటే, 1990-91కి 43 మంది. ఊరూరా బడి తెరవడం మీద ఉన్న శ్రద్ధ పోస్టుల మంజూరు మీద లేదు. అందుకే 1987లో ‘ఆపరేషన్ బ్లాక్‌బోర్డ్’ మొదలుపెట్టినప్పుడు కేంద్రం పెట్టుకున్న లక్ష్యం చాలా చిన్నది: ప్రతి బడికీ రెండు గదులు, ఇద్దరు టీచర్లు, వీలైతే అందులో ఒకరు మహిళ.

జీతాల భారం రాష్ట్రాలది కాబట్టి చవక దారులు వెతికారు. రాజస్థాన్‌లో శిక్షా కర్మీలు, మధ్యప్రదేశ్‌లో గురూజీలు అలా వచ్చినవాళ్లే. మన దగ్గర 1980లలో స్పెషల్ టీచర్లను నెలకు 398 రూపాయలకు తీసుకున్నారు. ‘398 టీచర్లు’ అన్న పేరు వాళ్లకు అలాగే ఉండిపోయింది. ఆ సర్వీసును లెక్కలోకి తీసుకుని జీతం పెంచే నోషనల్ ఇంక్రిమెంట్ల కోసం సంఘాలు ఏళ్లకేళ్లు తిరిగాయి. ఆ తర్వాత తాత్కాలికంగా పాఠాలు చెప్పే విద్యా వాలంటీర్లు వచ్చారు. టీచర్ల నియామక పరీక్ష డీఎస్సీ ఎప్పుడు పడుతుందో ఎవరికీ తెలిసేది కాదు, పడినా కోర్టు కేసులు. 1998 డీఎస్సీలో అర్హత సాధించినవాళ్లలో కొందరు ఆంధ్రప్రదేశ్‌లో 2023లో, అదీ కాంట్రాక్టు మీద బడిలో అడుగుపెట్టారు. అప్పటికి చాలామంది యాభై దాటారు.

2010 ఏప్రిల్ 1న అమల్లోకి వచ్చిన విద్యాహక్కు చట్టం 60 మంది పిల్లల వరకు ఇద్దరు టీచర్లు ఉండాలంది. ఈలోగా తెలుగు రాష్ట్రాల్లో కథ తిరగబడింది. పిల్లలు ప్రైవేటు స్కూలు వ్యాన్లెక్కారు. ఒకప్పుడు పిల్లలు ఎక్కువై, పోస్టులు చాలక ఒక్క టీచరు ఉండేవారు. ఇప్పుడు పిల్లలు పదిహేను మందే ఉన్నారు కాబట్టి ఒక్కరిని ఉంచుతున్నారు. ఒక్కరే ఉన్నారని మిగిలిన తల్లిదండ్రులూ పిల్లల్ని మాన్పిస్తున్నారు. పిల్లల సంఖ్యను బట్టి టీచర్ పోస్టులను సర్దే రేషనలైజేషన్ జరిగిన ప్రతిసారీ ఈ చక్రం ఇంకో చుట్టు తిరుగుతుంది. ఆంధ్రప్రదేశ్‌లో 2022లో వచ్చిన జీవో 117 చాలాచోట్ల 3, 4, 5 తరగతులను హైస్కూళ్లకు పంపింది. ఊళ్లో ఒకటి, రెండు తరగతులే మిగిలాయి. 2025లో ఆ జీవోను వెనక్కి తీసుకున్నారు గానీ, ఒకసారి వ్యానెక్కిన పిల్లాడు మళ్లీ దిగుతాడా?

ఆ ఒక్క టీచరు రోజు ఎలా ఉంటుందంటే, పొద్దున్నే ఫోన్ యాప్‌లో ముఖం చూపించి హాజరు వేయాలి. ఒకటో తరగతికి పలకల మీద అక్షరాలు దిద్దించి, ఐదో తరగతికి భిన్నాలు మొదలుపెట్టేసరికి వంటావిడ గుడ్ల లెక్క అడుగుతుంది. చుట్టుపక్కల బళ్ల టీచర్లంతా కలిసే కాంప్లెక్స్ మీటింగ్ ఉందంటే పక్క ఊరి నుంచి ఎవరినైనా సర్దుబాటు చేయాలి, లేదంటే బడికి తాళం. దీన్ని ఏ సగటూ పట్టించదు. 2024-25లో మూడు నుంచి ఐదు తరగతులకు దేశ సగటు టీచరుకు 13 మంది పిల్లలే. కాగితం మీద చూస్తే ఎంత హాయి!

నియామకాలు జరగడం లేదని కాదు. తెలంగాణ 2024 డీఎస్సీలో 11,062 పోస్టుల్లో 6,508 ప్రాథమిక తరగతులకు చెప్పే ఎస్జీటీలవి. ఆంధ్రప్రదేశ్ 2025 మెగా డీఎస్సీలో 16,347 పోస్టులకు ఎస్జీటీలు 6,371. అయితే కొత్తగా వచ్చినవాళ్లకు చాలావరకు దక్కేది సీనియర్లు కోరుకోని ఊరే. బస్సు సరిగా రాని, బదిలీల లెక్కలో కేటగిరీ-4 అనే అలాంటి ఊళ్లలో పనిచేస్తే బదిలీ పాయింట్లు ఎక్కువ. ఆ పాయింట్లతో తర్వాతి కౌన్సెలింగ్‌లో వాళ్లు మెయిన్ రోడ్డు పక్క బడి కోరుకుంటారు, ఖాళీ మాత్రం ఆ ఊళ్లోనే ఉంటుంది.