తొమ్మిదో తరగతిలో రాష్ట్రం దాటే పిల్లలు: నవోదయ మైగ్రేషన్ నేపథ్యం

పల్లె పిల్లల కోసం కేంద్రం నడిపే వసతి బడులైన జవహర్ నవోదయ విద్యాలయాల్లో చదివినవారి మాటల్లో తొమ్మిదో తరగతికి ప్రత్యేక స్థానం ఉంటుంది. నిబంధన ప్రకారం ఆ తరగతిలో 30 శాతం మంది ఒక విద్యా సంవత్సరం పాటు వేరే భాషా ప్రాంతంలోని నవోదయలో ఉండి చదవాలి, అక్కడి పిల్లలు ఇక్కడికి రావాలి. అందరూ మైగ్రేషన్ అని పిలిచేది దీన్నే. 80 మంది ఉన్న తరగతిలో ఇది 24 మంది. ఇంటికి దగ్గరగా, హాయిగా చదువుకుంటున్న పిల్లలకు ఈ తిప్పలెందుకని తల్లిదండ్రులు అడగడంలో తప్పులేదు. అయితే జవాబు కోసం చాలా వెనక్కి వెళ్లాలి.

1968 జాతీయ విద్యా విధానం త్రిభాషా సూత్రాన్ని ముందుకు తెచ్చింది. హిందీ రాష్ట్రాల పిల్లలు హిందీ, ఇంగ్లీషులతో పాటు మరో ఆధునిక భారతీయ భాషను, వీలైతే దక్షిణాది భాషను నేర్చుకోవాలి. మిగతా రాష్ట్రాల పిల్లలు హిందీ నేర్చుకోవాలి. తెలుగునాట బడులు తమ వంతు నెరవేర్చాయి. ఉత్తరాదిలో మాత్రం చాలాచోట్ల మూడో భాషగా సంస్కృతం పెట్టి సరిపెట్టారు. తమిళనాడు ఆ సూత్రాన్నే ఒప్పుకోలేదు, ఇప్పటికీ అక్కడ నవోదయలు లేవు.

మాట ఇచ్చి తప్పిన ఈ చరిత్ర మీదనే నవోదయలు వచ్చాయి. విద్యను కూడా చూసేలా 1985లో ఏర్పడిన కేంద్ర మానవ వనరుల అభివృద్ధి శాఖకు తొలి మంత్రి పి.వి. నరసింహారావు. 1971లో ఆయన ముఖ్యమంత్రిగా ఉన్నప్పుడే నల్లగొండ జిల్లా సర్వేలులో గురుకుల పాఠశాల మొదలైంది. పల్లె పిల్లలకు వసతితో కూడిన మంచి బడి ఏం చేయగలదో దగ్గరగా చూసిన మనిషి ఢిల్లీలో ఆ శాఖను చేపట్టడం నవోదయలకు కలిసొచ్చిందనే నేను నమ్ముతాను. ఝజ్జర్ (హర్యానా), అమరావతి (మహారాష్ట్ర)ల్లో తొలి రెండు బడులు తెరుచుకున్నాయి. 1986 విద్యా విధానం వాటిని దేశమంతటికీ విస్తరించింది.

కొత్త బడుల్లో భాషను పాఠ్యపుస్తకానికి వదిలేయకుండా పిల్లల రాకపోకలతో ముడిపెట్టారు. హిందీ జిల్లాలోని నవోదయలో మూడో భాష ఏదన్నది దానికి జోడీగా ఉన్న, అంటే దానితో పిల్లలను ఇచ్చిపుచ్చుకునే, జిల్లాను బట్టి తేలుతుంది. జోడీ తెలుగు జిల్లా అయితే అక్కడ తెలుగు చెప్పాలి, చెప్పడానికి తెలుగు ఉపాధ్యాయుడు కావాలి. అంటే వెళ్లిన మన పిల్లల కంటే ఎక్కువ మంది, ఊరు దాటని అక్కడి పిల్లలు మన అక్షరాలు దిద్దుతారు. ఈ పథకంలో అన్నిటికంటే విలువైన భాగం ఇదే, దీని గురించే మనం తక్కువ మాట్లాడుకుంటాం.

వసతి బడి కావడం వల్లే ఇది సాధ్యమైంది. అరావళి, నీలగిరి, శివాలిక్, ఉదయగిరి అనే హౌసుల్లో, అంటే వసతి బృందాల్లో, పిల్లలు కలిసి ఉంటారు. పగలు తరగతిలో అర్థంకాని హిందీ, సాయంత్రం ఆటస్థలంలోనో మెస్ వరుసలోనో పట్టుబడుతుంది. రొట్టెకు అలవాటు పడలేని పిల్లవాడి ఇబ్బంది హౌస్ మాస్టర్ కంటే ముందు పక్క మంచం వాడికి తెలుస్తుంది. ఏడాది తర్వాత తిరిగొచ్చినవాళ్లతో వాళ్ల సొంత బడి కూడా కొంత మారుతుంది. వాళ్లు లేనప్పుడు హిందీ పిల్లలతో కలిసి ఉన్నవాళ్లే కదా మిగతా తోటివారు.

భయాలూ నిజమైనవే. 2018 నుంచి పదో తరగతి బోర్డు పరీక్ష మళ్లీ తప్పనిసరి కావడంతో, ముందు ఏడాది చదువు చెదురుతుందనే ఆందోళనకు బలం వచ్చింది. 2020 లాక్‌డౌన్‌లో 173 నవోదయల్లో చిక్కుకుపోయిన 3 వేల మందికి పైగా పిల్లలను బస్సుల్లో రాష్ట్రాలు దాటించి ఇళ్లకు చేర్చాల్సి వచ్చింది. ఆ రోజుల్లో ఆ తల్లిదండ్రులు పడిన వేదనను ఎవరూ తక్కువ చేసి చూడకూడదు.

2024 డిసెంబరులో కేంద్ర మంత్రివర్గం మరో 28 నవోదయలకు ఆమోదం తెలిపింది, వాటిలో 7 తెలంగాణవి. ఆరో తరగతిలో చేరే అక్కడి పిల్లలు తొమ్మిదికి వచ్చేసరికి వాటికీ జోడీ జిల్లాలు కావాలి, ఆ జిల్లాల్లో తెలుగు ఉపాధ్యాయులు కావాలి. ఆ పోస్టులను ఖాళీగా ఉంచి పిల్లలను మాత్రమే రైలెక్కిస్తే 1968 త్రిభాషా సూత్రానికి జరిగిందే మళ్లీ జరుగుతుంది.