ట్రాక్టరు నోటుకి ఏడు లక్షలు ఎవరూ ఇవ్వరండీ

విజయవాడ గవర్నర్‌పేటలోని మా పాత నాణేల కొట్టుకి వచ్చే ఫోన్లలో సగానికి పైగా ఒకటే ప్రశ్న. "ట్రాక్టరు బొమ్మున్న అయిదు రూపాయల నోటుందండీ, ఎంతకి తీసుకుంటారు?" నోటు పెళపెళలాడుతుంటే పదో ఇరవయ్యో ఎక్కువిస్తాను, నలిగిపోయి ఉంటే అయిదు రూపాయలే అంటాను. అవతల కాసేపు చప్పుడుండదు. "అదేంటండీ, యూట్యూబ్‌లో ఏడు లక్షలన్నాడు" అంటారు తర్వాత. కొందరు నేను తక్కువకి కొట్టేయాలని చూస్తున్నాననుకుని ఠక్కున పెట్టేస్తారు. నా బెంగంతా వాళ్ల గురించే. ఎందుకంటే వాళ్లు ఆ తర్వాత చేసే ఫోను ఆ వీడియో కింద ఉన్న నంబరుకి.

అందుకే ముందు దీని సంగతి తేలుస్తాను. మిగతావాటి గురించి మాట్లాడే ఓపిక తక్కువ, గబగబా చెప్పేస్తాను.

అపోహ: పాత నాణేలు, నోట్లు ఆన్‌లైన్‌లో పెడితే లక్షలు పోసి కొంటారు. ఆర్బీఐ కూడా కొంటోంది.

వాస్తవం: కొనేవాడు డబ్బిస్తాడు, అడగడు. ఈ ఒక్క ముక్క గుర్తుంటే మిగతాది చదవకపోయినా ఫర్వాలేదు.

మోసం నడిచే తీరు ఇదీ. నాణెం ఫొటో వాట్సాప్‌లో పెట్టమంటారు. కాసేపట్లోనే "మీ నాణెం సెలెక్ట్ అయింది, విలువ 8 లక్షలు" అని జవాబు. దాంతోపాటు రిజర్వు బ్యాంకు ముద్రేసిన సర్టిఫికెట్టు, మెడలో ఐడీ కార్డు తగిలించుకున్న ఆఫీసరు ఫొటో. రిజిస్ట్రేషన్‌కి వెయ్యి లోపే అడుగుతారు. 8 లక్షలొస్తుంటే వెయ్యొక లెక్కా అనిపిస్తుంది, అక్కడే గాలం పడుతుంది. అది కట్టాక జీఎస్టీ అంటారు. ఆ తర్వాత ఇన్సూరెన్సు, కొరియర్ చార్జీ, ఇన్‌కంటాక్సు. ప్రతిసారీ "ఇదే ఆఖరు సార్, అంతా రీఫండబుల్" అనే మాట. నోట్ల కట్టలు పెట్టెలో సర్దుతున్న వీడియో పంపుతారు, పెట్టె మీద మీ పేరు రాసి మరీ. ఇంక కట్టనంటే గొంతు మారుతుంది. డీల్ మధ్యలో వదిలేస్తే కేసవుతుందని, ఇంటికి నోటీసొస్తుందని బెదిరిస్తారు.

గుంటూరు మిర్చి యార్డులో గుమాస్తాగా చేసే కుర్రాడొకడు కిందటేడు ఇలాగే దొరికిపోయి మా కొట్టుకి వచ్చాడు. చేతిలో రెండు రూపాయల నాణెం. పదకొండు పలకలది, దేశపటం మీద జెండా ఉన్నది, 2004 దాకా గుట్టలుగా కొట్టిన జాతీయ సమైక్యత నాణెం. దాని మీద అరవై వేల పైన కట్టేశాడు. చెల్లెలి నిశ్చితార్థానికి దాచిన డబ్బు, ఇంట్లో తెలీదు. "కనీసం మీరైనా ఎంతోకొంతకి తీసుకోండి సార్" అన్నాడు. ఏం చెప్పను? కూర్చోబెట్టి, టీ తెప్పించి, సైబర్ మోసాల హెల్ప్‌లైన్ 1930కి ఫోన్ చేయించాను. ఆఖరుగా కట్టింది ముందురోజే కాబట్టి అందులో కొంత ఆగింది, మిగతాది పోయింది. నెల తిరక్కుండా వాడికి ఇంకో ఫోను: "సైబర్ సెల్ నుంచి మాట్లాడుతున్నాం, మీ డబ్బు రికవరీ అయింది, ప్రాసెసింగ్ ఫీజు కట్టండి." పాత ముఠాయే, లేదంటే వాళ్ల దగ్గర నంబర్లు కొనుక్కున్న కొత్త ముఠా. ఈసారి కట్టే ముందు నాకు ఫోన్ చేశాడు, అదే నయం.

ఇలా పడిపోయేవాళ్లు ఆశపోతులో, తెలివితక్కువవాళ్లో అనుకుంటే పొరపాటే. మా కొట్టు మెట్లెక్కినవాళ్లలో లెక్కల లెక్చరరు ఉన్నాడు, బ్యాంకులో పనిచేసి రిటైరైన ఆయన ఉన్నాడు. అప్పుల్లోనో ఆస్పత్రి ఖర్చుల్లోనో ఉన్నప్పుడు ఆ వీడియో కంటపడుతుంది, అంతే. మీ ఇంట్లో ఎవరైనా కట్టి ఉంటే తిట్టకండి. తిడతారనే చాలామంది దాచిపెట్టి ఇంకా కడుతుంటారు. వెంటనే 1930కి చెప్పండి. ఎంత త్వరగా చెబితే డబ్బు మధ్యలో ఆపే అవకాశం అంత.

ఇక ఆర్బీఐ సంగతి. తమ పేరు, లోగో వాడుకుని పాత నోట్లు, నాణేల అమ్మకాలకి కమీషన్లు, పన్నులు వసూలు చేస్తున్నారని, తమకి ఆ వ్యాపారంతో సంబంధం లేదని రిజర్వు బ్యాంకే 2021 ఆగస్టులో ప్రకటన ఇచ్చింది. అసలు మన నాణేలు కొట్టించేది కేంద్ర ప్రభుత్వం. ముంబై, కోల్‌కతా, హైదరాబాద్, నోయిడా టంకశాలల్లో తయారవుతాయి, రిజర్వు బ్యాంకు వాటిని జనంలోకి పంపుతుందంతే. పంపినదాన్ని లక్షలిచ్చి వెనక్కి కొనుక్కోవడం దానికెందుకు?

"మరి ఫలానా వెబ్‌సైట్లో 10 లక్షలకి పెట్టారుగా?" అని ఇంకో ప్రశ్న. పెట్టారు. రేపు నేను నా చెప్పులు కోటి రూపాయలకి పెడతాను, ఆపేదెవరు? చూడాల్సింది అమ్మజూపిన ధర కాదు, అమ్ముడైన ధర. పేరున్న వేలం సంస్థలు ప్రతి వేలం తర్వాత ఏది ఎంతకి పోయిందో బయటపెడతాయి, అవి చూసుకోండి.

నాణెం మీద చిన్న నక్షత్రం ఉంటే అరుదైనదని మరో ప్రచారం. ఆ నక్షత్రం హైదరాబాద్ టంకశాల గుర్తు. చుక్క ఉంటే నోయిడా, వజ్రం ఆకారం ఉంటే ముంబై, ఏ గుర్తూ లేకపోతే కోల్‌కతా. పక్కనే హైదరాబాద్ ఉన్న మనకి నక్షత్రం నాణెం అరుదా? బస్సులో కండక్టరిచ్చే చిల్లరలో వెతకండి. 2012 నాటి వైష్ణోదేవి బొమ్మున్న నాణేలదీ ఇదే కథ. 786 నంబరు నోటుకి ఇష్టపడేవాళ్లు కాస్త ఎక్కువిస్తారు, నిజమే. ఆ కాస్త అంటే లక్షలు కాదు.

అపోహ: ఎంత పాతదైతే అంత ధర.

ఇది చదువుకున్నవాళ్లకీ ఎక్కదు. శాతవాహనుల సీసపు నాణెం, దాదాపు 1,900 ఏళ్ల నాటిది, మామూలు రకమైతే వందల రూపాయల్లో దొరుకుతుంది. మన కృష్ణా, గుంటూరు నేలల్లో అవి అంత విస్తారంగా బయటపడ్డాయి. అదే యజ్ఞశ్రీ శాతకర్ణి వేయించిన ఓడ బొమ్మ నాణేన్ని జనం వెతుక్కుని కొంటారు, అందుకే దానికి నకిలీలూ ఎక్కువే. ఆరో జార్జి రూపాయిల్లో 1939 నాటిది దొరకడం గగనం, దాని ధర మిగతావాటికి అందనంత దూరంలో ఉంటుంది. మరుసటేడు నుంచి వచ్చిన రూపాయిలు బోలెడు. ఒక్క ఏడాది తేడా! ఎన్ని మిగిలాయి, ఏ స్థితిలో ఉన్నాయి, ఎంతమంది కావాలంటున్నారు, ధర తేల్చేవి ఈ మూడే. ఇంకోటి, రాముడు, సీత, హనుమంతుడు ఉన్న "1818 ఈస్టిండియా కంపెనీ నాణెం" పట్టుకుని నా దగ్గరికి రాకండి. కంపెనీ అలాంటి నాణెం ఎప్పుడూ కొట్టలేదు. పూజలో పెట్టుకోండి, తప్పులేదు.

అపోహ: బాగా తోమి తళతళలాడిస్తే ధర పెరుగుతుంది.

ఇది వింటే కోపం కాదు, ఏడుపొస్తుంది. శ్రావణమాసం వెళ్లగానే నా దగ్గరికొచ్చే వెండి రూపాయిల్ని చూడాలి మీరు. వరలక్ష్మీ వ్రతానికని ఏడాదికోసారి చింతపండుతో ఒకరు, విభూతితో ఒకరు తోమి తోమి విక్టోరియా రాణి ముక్కు అరగదీసేశారు. పటమట నుంచి ఓ పిన్నిగారు కిరీటం లేని ఏడో ఎడ్వర్డు రాజు రూపాయిలు తెచ్చారు, వాళ్ల అత్తగారివట. వాటిలో ఒకటి పెట్టె అడుగున గుడ్డమూటలో ఉండిపోయి, తోముడు తప్పించుకుంది. నల్లగా, అంచుల దగ్గర నీలం జీరతో, జుట్టు గీత గీతా కనిపిస్తోంది. "ఇదొక్కటీ మురిగ్గా ఉంది బాబూ, తోమి తెచ్చేదాన్ని, మర్చిపోయాను" అన్నారు. ఆ మర్చిపోయిన ఒక్క నాణేనికే మిగతావన్నీ కలిపినంత ఇచ్చాను. ఆవిడ నమ్మలేదు, రెండుసార్లు లెక్కపెట్టుకున్నారు.

వెండి మీద నలుపు, రాగి మీద గోధుమరంగు పొర మురికి కాదు. నాణేన్ని కాపాడేది ఆ పొరే, అసలుదని చెప్పేదీ అదే. రాగి నాణెం మీద పచ్చగా పొడిలా రాలే చిలుము మాత్రం వేరు. అది లోహాన్ని తినేస్తుంది, పక్క నాణేలకీ అంటుకుంటుంది, దాన్ని విడిగా తీసి తెలిసినవాళ్లకి చూపించండి. మట్టి ఉంటే డిస్టిల్డ్ వాటర్‌లో నానబెట్టి, మెత్తటి గుడ్డతో అద్దండి. రుద్దకండి. గొలుసుకి వేసుకోవడానికి కొక్కెం టంకం వేయించారా, ఇక అది వెండి తూకానికే.

తూకం మాటొచ్చింది కాబట్టి ఇది రాసిపెట్టుకోండి. 1862 నుంచి 1939 దాకా వచ్చిన రూపాయి బరువు 11.66 గ్రాములు, అందులో వెండి 10.69 గ్రాములు. 1940 నుంచి 1945 దాకా సగమే వెండి. పులి బొమ్మున్న 1947 రూపాయిలో వెండే లేదు, అది నికెల్, అయస్కాంతానికి అంటుకుంటుంది. నగల కొట్టువాడు "పాత వెండి, తరుగు పోతుంది" అని ఈ లెక్కకి తక్కువ అడిగితే లేచి వచ్చేయండి.

రైస్ పుల్లింగ్ గురించి ఒక్క మాట. బియ్యం గింజల్ని లాగే మహిమున్న రాగి నాణెమో, చెంబో ఉందని, దాన్ని నాసా కొంటుందని నమ్మించే మోసమిది. బియ్యం గింజల్ని లాగే నాణెం లేదు. చెంబూ లేదు. నాసావాళ్లు కొనరు. డెమో చూపించడానికే లక్షలు అడుగుతారు, గింజలకి ముందే ఇనుప రజను పూసి ఉంచుతారు. దీనికోసం పొలం అమ్ముకున్న మనిషిని నేను చూశాను. ఆయన ఇప్పటికీ ఆ రాగి నాణేన్ని జేబులో వేసుకుని తిరుగుతాడు, దాని గురించి వాదించడం నేను మానేశాను.

పది రూపాయల నాణెం చెల్లదంటారు. చెల్లుతుంది. రూపాయి గుర్తు ఉన్నా లేకపోయినా, గీతలు పదైనా పదిహేనైనా, అప్పటిదాకా వచ్చిన 14 డిజైన్లూ చెల్లుతాయని రిజర్వు బ్యాంకు 2018 జనవరిలోనే చెప్పింది. అర్ధరూపాయి కూడా చట్టప్రకారం చెల్లుతుంది, టీ కొట్టువాడు నవ్వితే నవ్వనివ్వండి. 2011 జూన్ ఆఖరుతో రద్దయినవి పావలా, అంతకన్నా చిన్నవి.

భయంతో వచ్చేవాళ్లు కొందరుంటారు. మొన్న ఒకాయన తల్లి పోయాక బీరువాలో చీర మడతల మధ్య పాత వెయ్యి, అయిదొందల నోట్లు దొరికాయని, పోలీసులు పట్టుకుంటారేమోనని గొంతు తగ్గించి అడిగారు. 2016లో రద్దయిన ఆ నోట్లు 2017 చట్టం ప్రకారం ఎవరైనా మొత్తం పది వరకు ఉంచుకోవచ్చు. పరిశోధనకో, నాణేల సేకరణకో అయితే 25 దాకా. అది మించితే పదివేలు గానీ, ఆ నోట్ల విలువకి అయిదు రెట్లు గానీ, ఏది ఎక్కువైతే అది జరిమానా. ఆయన దగ్గర ఉన్నవి ఆరు. అమ్మ దాచుకున్నవి, అలాగే దాచుకోండి అన్నాను. వాటిని ఎవడో సగం ధరకి మారుస్తానంటే మాత్రం దగ్గరికి రానివ్వకండి.

పునాది తవ్వుతుంటేనో, పొలం దున్నుతుంటేనో లంకెబిందె దొరికితే "మా నేల, మా సొత్తు" అనడం కుదరదు. 1878 నాటి నిధుల చట్టం ఇంకా అమల్లోనే ఉంది. పది రూపాయలు దాటిన విలువైతే కలెక్టరుకి తెలపాలి. వందేళ్లు దాటిన నాణెం దేశం దాటించడమూ నేరమే. అమెరికాలో ఉన్న అబ్బాయికి పంపిద్దామనుకునే పెద్దలు గమనించండి.

ఎన్టీఆర్ వంద రూపాయల నాణెం పెట్టుబడికి కొనమంటారా అని అడుగుతుంటారు. 2023 ఆగస్టు 28న రాష్ట్రపతి విడుదల చేశారు, 35 గ్రాములు, సగం వెండి, హైదరాబాద్‌లో కొట్టింది. అన్నగారి మీద అభిమానముంటే కొనుక్కోండి, నేనూ కొన్నాను. మనవడి చదువుకి పనికొస్తుందని మాత్రం కొనకండి. కొన్నవాళ్లందరూ పెట్టెలతో సహా జాగ్రత్తగా దాచుకున్న వస్తువు అరుదైనదెలా అవుతుంది?

అపోహ: ఇది డబ్బున్నవాళ్ల సరదా.

మా నాన్న రైల్వేలో పనిచేసేవాడు. రైలు వంతెన ఎక్కగానే జనం కిటికీల్లోంచి కృష్ణలోకి చిల్లర విసిరేవాళ్లు. ఘాట్ల దగ్గర కుర్రాళ్లు తాడుకి అయస్కాంతం కట్టి లాగేవాళ్లు. స్టీలు బిళ్లలే అంటుకునేవి, రాగి నికెల్ కలిపినవి అడుగునే ఉండిపోయేవి, వాటికోసం మునగాల్సిందే. వాళ్ల దగ్గర మారకానికి తీసుకున్న నాణేలతో మొదలైంది నా సేకరణ. ఇవాళ్టికీ నా మేజా సొరుగులో నాకు ఎక్కువ ఇష్టమైనవి పైసలే. 1957లో దశాంశ పద్ధతి వచ్చినప్పటి నయా పైసా, ఆరు పలకల అల్యూమినియం మూడు పైసలు, అంచులు వంపులు తిరిగిన రెండు పైసలు, కమలం ఉన్న ఇత్తడి ఇరవై పైసలు, 1964లో నెహ్రూ బొమ్మతో వచ్చిన రూపాయి. చాలావరకు ఒక సినిమా టికెట్టు డబ్బుల్లో వచ్చేస్తాయి. ఏడాదులవారీగా, టంకశాల గుర్తులవారీగా పూర్తి చేయాలంటే మాత్రం ఏళ్లు పడుతుంది. నాకింకా పూర్తి కాలేదు.

పిల్లలకి కొనిచ్చేటప్పుడు మెత్తటి పీవీసీ కవర్లున్న ఆల్బమ్ వద్దు. మన బెజవాడ ఉక్కకి రెండు మూడు వేసవుల్లోనే లోపల పచ్చటి జిగురు పడుతుంది. అట్టముక్కల మధ్య మైలార్ అనే పలచటి ప్లాస్టిక్ కిటికీ ఉన్న హోల్డర్లు తీసుకోండి, డబ్బాలో సిలికా జెల్ పొట్లం వేయండి. నాణేన్ని అంచులతోనే పట్టుకోవడం నేర్పండి.

పెద్దవాళ్లు వదిలివెళ్లిన పెట్టె అమ్మాలనుకునేవాళ్లకి: నాణేలు ఉన్నవి ఉన్నట్టుగా రెండువైపులా ఫొటోలు తీసి, జాబితా రాసుకోండి. కవర్ల మీద వాళ్ల చేతిరాత ఉంటే పారేయకండి, ఎక్కడ కొన్నదీ అందులోనే ఉంటుంది. కనీసం ఇద్దరు డీలర్లకి చూపించండి, అందులో నేను లేకపోయినా సరే. ఎవరి దగ్గరా రాత్రికి వదిలి రాకండి. సాయంత్రం నాలుగు తర్వాత తెస్తే నాకు కాస్త తీరికగా ఉంటుంది. పొద్దున్నంతా ట్రాక్టరు నోటు ఫోన్లతోనే సరిపోతుంది.