అబాకా తోట పోయాక: బ్లాన్ నేతకు వారసులు ఎందుకు తగ్గారు

ఫిలిప్పీన్స్‌లోని మిండనావో దీవి దక్షిణ కొండల్లో బ్లాన్ తెగ ఆడవాళ్లు నేసే బట్టను తబిహ్ అంటారు. ఈ నేతలో నూలు వడకడం ఉండదు. అరటి జాతికే చెందిన అబాకా చెట్టు బోదె చీరి నార తీస్తారు. దాన్ని ఎండబెట్టి, సన్నటి పోగుల్ని ఏరి, ఒక పోగు కొసకు ఇంకో పోగును చేత్తో ముడేసుకుంటూ పోతారు. ముడి బిగిసిందో లేదో చెప్పాల్సింది వేళ్లే. అవ్వ పక్కన నెలల తరబడి కూర్చుంటే గానీ ఆ నేర్పు చేతికి రాదు.

తర్వాతి పని పోచంపల్లి, పుట్టపాక వాళ్లకు బాగా తెలిసిందే. రంగు అంటకూడని చోట దారం బిగించి కట్టి, పడుగును రంగులో ముంచుతారు. నోని జాతి చెట్టు వేరు నుంచి ఎరుపు వస్తుంది. నేసేటప్పుడు మగ్గం ఒక కొస నడుము పట్టీకి ఉంటుంది, ఒంటితోనే బిగువు సర్దుకోవాలి. మన దగ్గర డిజైన్‌ను గ్రాఫ్ కాగితం మీద గీసుకుంటారు. బ్లాన్ అవ్వలకు కాగితం లేదు, మొసలి బొమ్మ దగ్గర్నుంచి అన్నీ మనసులోనే. నేర్పకుండా ఒక అవ్వ కన్నుమూస్తే ఆమె డిజైన్లూ ఆమెతోనే పోతాయి.

ఇంత పనితనం ఎలా సన్నగిల్లింది? పిల్లలకు ఓపిక లేదనడం తేలిక. నాకైతే అసలు కథ భూమి దగ్గరే మొదలైందనిపిస్తుంది. 1939లో ఫిలిప్పీన్స్ ప్రభుత్వం జనరల్ పౌలినో సాంటోస్ ఆధ్వర్యంలో ఉత్తరాది కుటుంబాలను దక్షిణ మిండనావోలోని సారంగాని తీరానికి, కొరొనడాల్ లోయకు తరలించింది. బ్లాన్ జనం మైదానాలు వదిలి కొండల పైకి జరగాల్సి వచ్చింది. 1960లలో అక్కడి పొలొమొలొక్ ఊరి చుట్టూ అనాస తోటలు పరుచుకున్నాయి. అబాకా పెంచుకునే నేల తగ్గింది, కూలి పని పెరిగింది, సంతలో చవక బట్ట దొరికింది. నెలలు పట్టే తబిహ్ కోసం ఇంట్లో ఒక మనిషి కూర్చుంటే పూట గడవాలి కదా!

ప్రభుత్వం 1992లో జానపద కళాకారులను జాతీయ స్థాయిలో గౌరవించే చట్టం తెచ్చింది. బిరుదు పొందినవాళ్లు తమ విద్యను తర్వాతి తరానికి నేర్పాలన్నది అందులోని షరతు. పొలొమొలొక్ దగ్గరి లాండాన్‌కు చెందిన ఫూ యాబింగ్ మసాలోన్ దులోకు ఆ గౌరవం 2016లో గానీ అందలేదు. 1914లో పుట్టిన ఆమె పద్నాలుగేళ్లకే తల్లి దగ్గర నేత నేర్చుకున్నారు. అంటే గుర్తింపు వచ్చేసరికి ఆమెకు నూరేళ్లు దాటాయి. ఇది నన్ను నిజంగా బాధపెట్టే విషయం. నలభై ఏళ్ల ముందే ఆ పిలుపు వచ్చి ఉంటే ఎంతమంది ఆడపిల్లలు ఆమె పక్కన కూర్చునేవాళ్లో!

2016లోనే సారంగాని కొండల్లోని బ్లాన్ చాపల నేతగత్తె ఎస్తెలితా బాంటిలాన్‌కూ ఈ గౌరవం దక్కింది. ఫూ యాబింగ్ 2021 జనవరిలో, 106 ఏళ్ల వయసులో కన్నుమూశారు. నేత ఇప్పుడు ఆమె దగ్గర నేర్చుకున్న ఆడవాళ్ల చేతుల్లో ఉంది. వాళ్లకు మగ్గాలున్నాయి. వాటితోపాటు కొండవాలులో అబాకా నాటుకునే చోటు కూడా కావాలి.