పనామాకు అటు రొయ్య, ఇటు రొయ్య

ఒక గాజు తొట్టె. అందులో రెండు చిన్న రొయ్యలు, ఒకటి మగది, ఒకటి ఆడది. రెండింటికీ ముందుకాళ్లలో ఒకటి మిగతావాటికంటే బాగా పెద్దది, చివర పట్టకారులా ఉంటుంది. దాన్ని టప్పున మూస్తే నీళ్లు ఎంత జోరుగా చిమ్ముతాయంటే, ఆ ధారలో ఒక బుడగ పుట్టి మరుక్షణమే నలిగిపోతుంది. మనకు వినబడే చిటికె చప్పుడు ఆ బుడగ నలిగిన చప్పుడే. ఎదురుగా ఉన్న చిన్న జీవులు ఆ దెబ్బకు సొమ్మసిల్లుతాయి. శాస్త్రవేత్తలు ఆల్ఫియస్ అని పిలిచే వీటిని మనం చిటికె రొయ్యలు అనుకుందాం.

పక్కపక్కన చూస్తే రెండూ ఒకే జాతివనిపిస్తాయి. కానీ ఒకదాన్ని పనామా పసిఫిక్ తీరం నుంచి, రెండోదాన్ని అదే దేశపు కరీబియన్ తీరం నుంచి తెచ్చారు. జత కడతాయేమోనని చూస్తే, ఒకదాని మీద ఒకటి చిటికెలు వేసుకుంటూ కలబడ్డాయి. సముద్ర జీవశాస్త్రవేత్త నాన్సీ నోల్టన్, ఆమె సహచరులు ఇలా అటు తీరంలో ఒకటి, ఇటు తీరంలో ఒకటిగా ఉన్న దగ్గరి రకాల జోడీలను ఏడింటిని పరిశీలించి, 1993లో ఫలితాలు ప్రచురించారు. రెండు తీరాల రొయ్యలనూ కలిపిచూసినప్పుడు ఫలించే గుడ్లు పెట్టిన జంటలు నూటికి ఒకటి చొప్పున మాత్రమే తేలాయి.

ఒకప్పుడు పనామా ఉన్న చోట నేలే లేదు. ఉత్తర, దక్షిణ అమెరికాల మధ్య సముద్రం పారుతుండేది, రొయ్యలన్నీ ఒకే మందగా ఉండేవి. భూమి పలకల ఒత్తిడికి సముద్రం అడుగు పైకి లేచి, అగ్నిపర్వతాల దీవులు తలెత్తి, దాదాపు 30 లక్షల ఏళ్ల కిందటికి సన్నని భూసంధి పూర్తయింది. మంద రెండుగా తెగిపోయింది.

ఇక్కడే మనం తరచూ పొరబడతాం. చోటు మారింది, వాతావరణం మారింది, కాబట్టి కొత్త జాతి పుట్టింది అనుకుంటాం. అందులో నిజం లేకపోలేదు. దారి మూసుకున్నాక కరీబియన్ వైపు నీరు మరింత ఉప్పగా, పోషకాలు తక్కువగా మారింది. పసిఫిక్ వైపు అడుగునుంచి పోషకాలు ఎగదన్నుకొస్తూనే ఉన్నాయి. కానీ అసలు కీలకం అది కాదు. అడ్డుగోడ దేన్నీ పుట్టించదు. అది చేసే పని ఒక్కటే, కలయికను ఆపడం.

రెండు చెరువుల మధ్య కాలువ ఉందనుకోండి. ఒకదాంట్లో ఎంత వాన కురిసినా రెండింట్లోనూ నీటిమట్టం సమానమవుతుంది. జన్యువుల సంగతీ అంతే. ప్రతి తరంలోనూ జన్యువుల్లో చిన్నచిన్న మార్పులు వస్తూనే ఉంటాయి. కలిసి జతకట్టే మందలో ఆ మార్పు అందరికీ పాకుతుంది, లేదా కనుమరుగవుతుంది. ఏదైనా మంద మొత్తానికీ జరుగుతుంది కనుక తేడా నిలవదు. కాలువ పూడిపోతే ఏ చెరువు లెక్క దానిదే. ప్రకృతి వరణం, అంటే పరిసరాలకు తగినవే ఎక్కువగా బతికి పిల్లల్ని కనడం, ఒక్కో వైపు ఒక్కో దారి పట్టిస్తుంది. వేరుపడిన గుంపు చిన్నదైతే ఉత్త యాదృచ్ఛికత కూడా గట్టిగానే పనిచేస్తుంది, ఒక అరుదైన జన్యువు కొద్ది తరాల్లోనే అందరిదీ అయిపోవచ్చు.

మరి జత కట్టకపోవడం ఎక్కడినుంచి వచ్చింది? నాకు ఎంతో ఇష్టమైన ప్రయోగం ఒకటి ఈ ప్రశ్నకే జవాబిస్తుంది. డయాన్ డాడ్ ఒకే మూలం నుంచి వచ్చిన డ్రోసోఫిలా అనే చిన్న పండ్ల ఈగలను వేరువేరు పెట్టెల్లో పెంచారు. నాలుగు గుంపులకు స్టార్చ్ ఆహారం, నాలుగింటికి మాల్టోజ్ చక్కెర. చాలా తరాల తర్వాత అన్నింటినీ కలిపి చూశారు. స్టార్చ్ ఈగలు ఎక్కువగా స్టార్చ్ ఈగలనే, మాల్టోజ్ ఈగలు మాల్టోజ్ ఈగలనే ఎంచుకున్నాయి. ఒకే ఆహారం తిన్న రెండు గుంపులు వేరు పెట్టెల్లో పెరిగినా ఒకదాన్నొకటి కాదనలేదు. 1989లో వచ్చిన ఈ ఫలితంలో గమనించాల్సింది ఏమిటంటే, జతను ఎలా ఎంచుకోవాలో ఎవరూ వాటికి నేర్పలేదు. తిండికి అలవాటుపడే క్రమంలో అది వెంట వచ్చేసింది. రొయ్యల విషయంలోనూ అంతే, ఎవరికి వారు తమ నీళ్లకు తగ్గట్టు బతకడంలోనే దూరమయ్యారు.

అడ్డు అంటే సముద్రమో కొండో కానక్కర్లేదు, నది చాలు. ప్రకృతి శాస్త్రవేత్త ఆల్‌ఫ్రెడ్ రస్సెల్ వాలెస్ అమెజాన్ కోతుల గురించి 1852లో చెప్పిన మాట ఇదే. కొన్ని రకాల కోతులు పెద్ద నదికి ఒక గట్టునే ఉంటాయని, ఆ సంగతి అక్కడి వేటగాళ్లకు బాగా తెలుసని, ఫలానా జంతువు కావాలంటే వాళ్లు నది దాటి వెళతారని రాశాడు. నది పుట్టిన చోటుకు దగ్గరయ్యేకొద్దీ, అంటే పాయ సన్నబడేకొద్దీ, ఆ హద్దు చెరిగిపోతుందని కూడా గమనించాడు. ఆఫ్రికాలో కాంగో నదికి ఉత్తరాన చింపాంజీలు, దక్షిణాన వాటి దగ్గరి బంధువులైన బొనోబోలు. రెండూ మామూలుగా ఈదవు. అయినా పూర్వం కొన్నిసార్లు బొనోబో జన్యువులు చింపాంజీల్లోకి చేరాయని వాటి జీనోములు, అంటే మొత్తం జన్యు సమాచారం, చెబుతున్నాయి. జాతుల మధ్య గీత ఒక్కరోజులో గీసింది కాదు, చాలాకాలం మసకగానే ఉంటుంది.

నోల్టన్ రొయ్యలు కూడా అన్నీ ఒకేసారి విడిపోలేదు. ఏడు జోడీల్లో మూడు, భూసంధి పూర్తికావడానికి పదుల లక్షల ఏళ్ల ముందే తెగిపోయాయి. తక్కువ లోతులో, తీరపు మడ అడవుల్లో బతికేవి అన్నింటికంటే ఆలస్యంగా విడిపోయాయి. దారి పూర్తిగా మూసుకునేదాకా నిలిచినవి ఆ లోతులేని నీళ్లే మరి. అంటే ఒకే గోడ ఒక్కో జీవికి ఒక్కో కాలంలో కట్టడం పూర్తయింది.

1914లో మనుషులు పనామాను తవ్వి రెండు సముద్రాలనూ కలిపారు. అయితే ఆ కాలువ దారిలో సముద్రమట్టానికి దాదాపు 26 మీటర్ల ఎత్తున గటూన్ సరస్సు ఉంది. ఓడలు లాకుల్లో ఎక్కి, ఆ సరస్సు దాటి, అవతల దిగుతాయి. సరస్సులో ఉన్నది మంచినీళ్లు. ఉప్పునీటి చిటికె రొయ్య తనంతట తాను దాన్ని దాటి వెళ్లజాలదు.