పాత కారులో పెట్రోల్ వాసన: అపోహలు - వాస్తవాలు

విజయవాడ ఆటోనగర్‌లోని మా షెడ్డుకు పెట్రోల్ వాసన వస్తోందంటూ పాత కారు ఎవరు తెచ్చినా, బానెట్ ఎత్తే ముందు నేను అడిగేది ఒక్కటే: వాసన ఎప్పుడు వస్తోంది? తెల్లవారి మొదటి స్టార్టింగ్‌లోనా, ట్యాంకు నింపించాకా, ఎండలో నిలిపినప్పుడా? లీకు జాడ చాలావరకు ఆ జవాబులోనే దొరుకుతుంది.

అపోహ: పాత కారన్నాక కాస్త వాసన మామూలే.

వాస్తవం: ఎంత పాత కారైనా ఇంధన వ్యవస్థ మూసుకొని ఉండవలసిందే. పెట్రోల్ ఆవిరి గాలికంటే బరువైనది కనుక నేలబారుగా వ్యాపిస్తుంది. తలుపు మూసిన గ్యారేజీలో ఒక స్విచ్ నిప్పురవ్వ చాలు, అంటుకోవడానికి.

అపోహ: కింద చుక్క పడలేదు కాబట్టి లీకు లేదు.

వాస్తవం: నన్ను ఎక్కువగా కలవరపెట్టే మాట ఇదే. వేడి ఇంజన్ దగ్గర కారిన పెట్రోల్ నేలకు చేరేలోపే ఆవిరైపోతుంది, మిగిలేది లేత గోధుమరంగు మరక మాత్రమే. 2003 నాటి ఒక చిన్న కారులో వాసన ఉదయం పది నిమిషాలు వచ్చి ఆగిపోయేది. పగలు మూడుసార్లు చూసినా ఏమీ కనబడలేదు. చివరికి రాత్రంతా కారును మా దగ్గరే ఉంచుకొని, తెల్లవారుజామున ఇంజన్ చల్లగా ఉండగానే, స్టీలు పైపుకు రబ్బరు గొట్టం కలిసే చోట తెల్లని టిష్యూ కాగితం చుట్టి స్టార్ట్ చేయించాను. అర నిమిషంలో కాగితం ఒక పక్క తడిసింది. గట్టిపడిన రబ్బరు చలికి క్లిప్పు కింద సడలి, ఇంజన్ వేడెక్కగానే మళ్లీ బిగుసుకుంటోంది. ఇంజెక్షన్ కార్లలో, అంటే పెట్రోల్‌ను ఒత్తిడితో ఇంజన్‌లోకి చిమ్మే కార్లలో, ఈ గొట్టంలో సుమారు 3 బార్ల ఒత్తిడి ఉంటుంది కనుక కార్బురేటర్ బండ్ల మామూలు గొట్టం వేయకూడదు. ఇంజెక్షన్‌కు తగిన గొట్టమే, అదీ ఇప్పుడు బంకుల్లో అమ్ముతున్న 20 శాతం ఇథనాల్ పెట్రోల్‌కు తట్టుకునేదే అడిగి తీసుకోవాలి.

అపోహ: బంకులో గన్ ఆగాక ఇంకో లీటరు పోయించుకుంటే లాభం.

వాస్తవం: ట్యాంకులో ఆవిరికి ఖాళీ స్థలం కావాలి. ఆ ఆవిరి ఒక పైపు గుండా బొగ్గు నింపిన డబ్బాలోకి, అంటే చార్‌కోల్ కానిస్టర్‌లోకి వెళ్లి నిలుస్తుంది. ఇంజన్ వేడెక్కి నడుస్తున్నప్పుడు పర్జ్ వాల్వ్ తెరుచుకొని దాన్ని ఇంజన్‌లోకి పంపుతుంది. గొంతుదాకా నింపితే ఆవిరికి బదులు ద్రవమే ఆ డబ్బాలోకి చేరి బొగ్గును పాడుచేస్తుంది. పెట్రోల్ పోయించిన వెంటనే స్టార్ట్ కావడానికి మొరాయిస్తే, ఐడ్లింగ్ తడబడితే, ముందు పర్జ్ వాల్వ్‌ను అనుమానించండి. చాలా కార్లలో దాని కరెంటు ప్లగ్గు తీసి గొట్టంలో ఊదితే గాలి వెళ్లకూడదు. వెళ్తోందంటే అది తెరుచుకుని ఇరుక్కుపోయినట్టే.

అపోహ: చెక్ ఇంజన్ లైటు వెలగలేదు కాబట్టి ఆవిరి వ్యవస్థ బాగుంది.

వాస్తవం: మన దగ్గరి పాత కార్లలో చాలావాటికి ఆవిరి లీకును పరీక్షించే ఏర్పాటే లేదు. అమెరికాలో పాత కారు కొనుక్కున్న మనవాళ్ల అనుభవం వేరు: అక్కడ 1996 తర్వాతి కార్లలో చాలావరకు ఈ పరీక్ష తామే చేసుకుంటాయి. పెద్ద ఆవిరి లీకును సూచించే పీ0455 అనే లోపం కోడ్ వస్తే ముందు ట్యాంకు మూత, దాని రబ్బరు వలయం చూడమని వాళ్లకు చెబుతాను.

అపోహ: ట్యాంకుకు చిల్లు పడితే సబ్బు రాస్తే చాలు, లేదా ఖాళీ చేసి వెల్డింగ్ చేయించవచ్చు.

వాస్తవం: సబ్బు పెట్రోల్‌లో కరగదు కనుక దగ్గరి షెడ్డు వరకు చేర్చవచ్చు, ఒక వాన పడితే పోతుంది. వెల్డింగ్ సంగతి మాత్రం గట్టిగా చెబుతున్నాను: పెట్రోల్ ఒంపేసిన ట్యాంకులో గాలి, ఆవిరి కలిసి నిండు ట్యాంకుకంటే తేలికగా పేలతాయి. నేను ట్యాంకు దించి కొత్తది వేస్తాను, దొరకకపోతే మంచి స్థితిలో ఉన్న పాతది వెతికి తెస్తాను.