హద్దు దాటే కథలు, దాటని కథలు

ఒడిశాలోని బరంపురం, పర్లాకిమిడి, గుణుపురం, రాయగడ వైపు తెలుగువాళ్లు నలుగురు చేరి సినిమా మాట ఎత్తితే ఒక ఫిర్యాదు తప్పకుండా వినిపిస్తుంది. పెద్ద హీరో ఫైటింగ్ సినిమా అయితే ఇటు కూడా వస్తుంది, ఒక్కోసారి హిందీ మాటలతోనే వస్తుంది. అదే ఇంటి కథో పల్లెటూరి కథో అయితే ఆంధ్ర చివర ఉన్న ఇచ్ఛాపురం దగ్గరే ఆగిపోతుంది. ఇంతమంది తెలుగువాళ్లం ఉన్నాం కదా, మాకెందుకు వెయ్యరు అని వాళ్ల బాధ. డిస్ట్రిబ్యూటర్‌ని తిట్టుకుని ఊరుకుంటే సంగతి తేలదు. ఈ వడపోత టాకీల కాలం నుంచీ ఉంది. భాషతో పాటు సినిమా ఏ కోవదన్నదీ అందులో లెక్కకొస్తుంది. పౌరాణికమా, జానపదమా, సాంఘికమా, కౌబాయా, హారరా? ఇప్పటి కుర్రాళ్లు జానర్ అంటున్నది దీన్నే.

తీసేవాడికీ, ఆడించేవాడికీ, చూసేవాడికీ మధ్య ముందే కుదిరిన ఒప్పందం ఇది. పాత పాటల పుస్తకం చేతిలోకి తీసుకుంటే ఆ ఒప్పందం కళ్లకు కడుతుంది. హాలు గేటు దగ్గర అణాకో రెండణాలకో అమ్మిన పల్చటి పుస్తకం. అట్ట మీద నాయికా నాయకుల బొమ్మ, లోపల పాటలు, వాటికి ముందు చిన్న అక్షరాల్లో కథాసంగ్రహం. రాకుమారిని మాంత్రికుడు ఎత్తుకుపోయేదాకా చెప్పి, సరిగ్గా అక్కడ ఆపి, మిగతా కథ వెండితెరపై చూడండి అంటారు. ఆ మిగతా కథ ఊహించలేనివాడు ఊళ్లో ఉండడు. అయినా జనం టికెట్టు కొన్నారు. ఏమవుతుందన్నది వాళ్లకు తెలిసిందే, ఎలా అవుతుందో చూడటానికి వెళ్లారు.

మన దేశంలో సినిమా పురాణాలతో మొదలవడానికి కారణం కూడా ఇక్కడే దొరుకుతుంది. దాదాసాహెబ్ ఫాల్కే 1913లో తీసిన మూకీ హరిశ్చంద్రుడి కథ. మరాఠీ తొలి టాకీ 1932లో, అదీ హరిశ్చంద్రుడి కథే. హెచ్.ఎం. రెడ్డి తీసిన తెలుగు తొలి టాకీ ‘భక్త ప్రహ్లాద’ 1932 ఫిబ్రవరి 6న విడుదలైంది, లీలావతి వేషం సురభి కమలాబాయిది. కొత్త యంత్రం మీద డబ్బు పెట్టేవాడు కథ దగ్గర కూడా సాహసం చెయ్యలేడు కదా.

బరంపురం చుట్టుపక్కలి గంజాం వాళ్లకు ప్రహ్లాదుడి కథ పురాణ కాలక్షేపంతో సరిపెట్టుకునేది కాదు. జలంత్ర రాజా రామకృష్ణ ఛోటరాయ్ పేరిట 19వ శతాబ్దం నుంచి ప్రచారంలో ఉన్న ప్రహ్లాద నాటకం ఇక్కడి పల్లెల్లో ఇప్పటికీ ఆడతారు. మాటలు ఒడియా, మధ్యలో సంస్కృత శ్లోకాలు, నడక మన యక్షగానానికి చుట్టం. మెట్లు మెట్లుగా కట్టిన ఎత్తైన వేదిక, పైమెట్టు మీద సింహాసనం, అక్కడి నుంచి హిరణ్యకశిపుడు గర్జిస్తూ దిగుతాడు, మళ్లీ ఎక్కుతాడు. రాత్రంతా సాగే ఆటలో అసలు నాయకుడు అతనే. నరసింహుడి ముఖం ముసుగుకు పూజ చేసి గాని తొడగరు, తొడిగాక ఆవేశం వచ్చిన నటుణ్ని పదిమంది పట్టుకోవాల్సి వస్తుంది. ఇది చూస్తూ పెరిగిన ఒడియా రైతుకు తెలుగు ప్రహ్లాదుణ్ని ఎవరూ విడమరిచి చెప్పనక్కర్లేదు. పౌరాణికం అంత తేలిగ్గా హద్దు దాటింది. 1967లో తెర మీద ప్రహ్లాదుడైన రోజారమణి తర్వాత ఒడియా నటుడు చక్రపాణిని పెళ్లాడి, ఒడియా సినిమాల్లోనూ నటించారు. ఆ తోవన ఇది చెప్పుకోకుండా ఉండలేను.

1936 ఏప్రిల్ 1న ఒడిశా రాష్ట్రం ఏర్పడింది. బరంపురం, పర్లాకిమిడి పట్టణాలు మద్రాసు ప్రెసిడెన్సీ నుంచి అటు వెళ్లాయి. అదే నెలాఖరున తొలి ఒడియా టాకీ ‘సీతా బిబాహ’ వచ్చింది, అదీ రామాయణమే. రెండో ఒడియా సినిమా కోసం 1949 దాకా ఆగాల్సి వచ్చింది. అంటే పదమూడేళ్లు ఇక్కడి ఒడియావాళ్లకైనా, తెలుగువాళ్లకైనా పరాయి చోట తీసిన సినిమాలే దిక్కు.

తెలుగులో సాంఘికం బలపడింది సరిగ్గా ఆ ఏళ్లలోనే. గూడవల్లి రామబ్రహ్మం 1938లో అంటరానితనం మీద ‘మాలపిల్ల’, 1939లో జమీందారీ మీద ‘రైతుబిడ్డ’ తీశారు. రెండోదాని మీద జమీందార్లు మండిపడ్డారు, కొన్నిచోట్ల నిషేధం కూడా పడింది. పురాణానికి ఆ బెడద లేదు. పైగా సాంఘికం మాట మీద నిలబడుతుంది. ఎత్తిపొడుపు, సామెత, యాస, పిలుపులో చనువు అందకపోతే సగం సినిమా పోయినట్టే. పక్క సీట్లో ఒడియా స్నేహితుడు ఉంటే ఫైటింగుకు ఇద్దరూ కలిసి ఈల వేస్తారు, వెటకారం దగ్గర మాత్రం అతను మన ముఖం చూస్తాడు.

జానపదానికి ఆ చిక్కు లేదు. 1951లో వచ్చిన ‘పాతాళభైరవి’ తమిళంలోకీ హిందీలోకీ నడిచిపోయింది. అమెరికా కౌబాయ్ కథలను ఇటలీవాళ్లు స్పెయిన్ ఎడారిలో తీస్తే, అది చూసి మనవాళ్లు 1971లో రాజస్థాన్ వెళ్లి ‘మోసగాళ్లకు మోసగాడు’ తీశారు. కోవకు పై గుర్తులు వేరు, లోపలి కట్టడం వేరు అని రిక్ ఆల్ట్‌మన్ అనే అమెరికా పండితుడు 1984లో వివరించాడు. ఈ సినిమాను దానికి ఉదాహరణగా చెప్పొచ్చు. పైన టోపీ, గుర్రం, తుపాకీ. లోపల దాచిన నిధి, దానికోసం ఎత్తులు పైఎత్తులు, అంటే మన జానపదమే.

హాలు దాకా రాలేకపోయిన సాంఘికం చివరికి టీవీలో ఇంటికొచ్చింది. 1930ల్లో అమెరికా రేడియోలో సబ్బుల కంపెనీలు ఇల్లాళ్ల కోసం డబ్బు పెట్టి నడిపించిన కథలే సీరియల్‌కు మూలం. దూరదర్శన్‌లో ‘హమ్ లోగ్’ 1984లో మొదలైంది. 1995 ఆగస్టు 27న ఈటీవీ వచ్చాక కేబుల్ ద్వారా, తర్వాత డిష్ ద్వారా తెలుగు సీరియల్ ఒడిశాలోని తెలుగు ఇళ్లలోకి చేరింది. బడిలో ఒడియా, బజారులో ఒడియా అయిన పిల్లలకు అత్తాకోడళ్ల ఆ మాటలే ఎంతో తెలుగు నేర్పాయి. సీరియళ్లను తేలిక చేసి మాట్లాడేవాళ్లు ఈ సంగతి ఒక్కసారి ఆలోచించాలి.

హాళ్లలో మాత్రం పాత లెక్కే నడుస్తోంది. ఒకప్పుడు పౌరాణికం, జానపదం చేసిన పని ఇప్పుడు యాక్షన్ సినిమా చేస్తోంది. ‘బాహుబలి’ని ఏ భాషలో చూసినా పెద్దగా తేడా పడదు, అందుకే అది దాటింది. 

కానీ 2020లో వచ్చిన ‘పలాస 1978’ని ఏ కోవలో వేద్దాం? రౌడీల కథ అని ముద్ర వేస్తే వేయొచ్చు. అది మాట్లాడేది కులం గురించి, మాట్లాడేది శ్రీకాకుళం యాసలో. హైదరాబాదులో ఆ యాస వింతగా ఉండొచ్చు, పర్లాకిమిడి ఇళ్లలో రోజూ వినిపించేది అదే. ఇలాంటి సినిమాకు ఇక్కడ ఒక్క ఆదివారం ఉదయం ఆట ఇచ్చి చూడమని హాళ్లవాళ్లను అడగాల్సింది మనమే. ఇచ్చిన రోజున వెళ్లి టికెట్టు తీసుకోవాల్సిందీ మనమే.